నీ దుఃఖం ఎక్కడ?

మా గుంటూరు ప్రాంతంలో 'మిషన్' అన్న మాటకు అర్థం చెప్పవలసిన అవసరం ఉండదు. మిషన్ ఆసుపత్రి, మిషన్ బడి, మిషన్ కాంపౌండు - అక్షరం రాని అవ్వలు సైతం ఈ మాటలను తమ సొంత మాటలుగా వాడుకుంటారు. సముద్రాలు దాటి వచ్చిన వారు కట్టించిన గోడల మధ్య మూడు నాలుగు తరాల తెలుగు బిడ్డలు పుట్టారు, చదువుకున్నారు, జబ్బుపడి లేచారు. 1883లో ఆనా కూగ్లర్ అనే అమెరికన్ వైద్యురాలు లూథరన్ మిషన్ పక్షాన గుంటూరు చేరింది. పురుషుడైన వైద్యుని ముందు చేయి చాపి నాడి చూపించుకోవడానికి కూడా స్త్రీలు సంకోచించే కాలమది. ఆమె పూనిక వల్ల 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి వెలసింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. నేను పుట్టినదీ, నర్సుగా శిక్షణ పొందినదీ మిషన్ ఆసుపత్రులలోనే. పరదేశం వచ్చి సేవ చేసిన వారి కథలు నాకు ఉగ్గుపాలతో అబ్బిన కథలు.

అయితే ఆ కథలలో మేము ఎప్పుడూ పుచ్చుకునే పక్షంలోనే కనిపిస్తాము. మనవారు ఇచ్చే పక్షాన నిలిచిన సందర్భాలు లేకపోలేదు. 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్య అనే బోధకుడు, తెలుగు బాప్టిస్టు సంఘాల పంపున, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడ ఎక్కాడు. అక్కడి తోటలలో కూలిపని చేస్తున్న తెలుగువారి మధ్య జీవించి, వారికోసం సంఘాలు నెలకొల్పాడు. ఈ సంగతి చిన్ననాట విన్నప్పటి నుండి నా మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉండేది. వచ్చిన వారి ఋణం వారికి తీర్చలేము; ముందుకు, మరొకరికి తీర్చగలమా?

ముప్పయి అయిదేళ్ళ ఉద్యోగం ముగించి విశ్రాంతి తీసుకుంటున్న రోజులలో ఆ అవకాశం నా గుమ్మంలోకి వచ్చింది. 2019 శీతకాలంలో ఒక చిన్న క్రైస్తవ వైద్య బృందం నేపాల్‌లోని పాల్పా జిల్లా కొండలలో, తాన్సేన్ పట్టణంలో ఆరు వారాలు పనిచేయడానికి వెళుతున్నదని, కాలిన గాయాల వార్డులో అనుభవం గల నర్సు కావాలని కబురు వచ్చింది. మా అబ్బాయి, "ఈ వయసులో ఆ చలి కొండలకు ఎందుకమ్మా? ఇక్కడ రోగులు లేరా?" అన్నాడు. ప్రశ్న సమంజసమైనదే. దానికి జవాబు నా వద్ద సిద్ధంగా లేదు. జవాబు దొరికేవరకు ఆగితే ప్రయాణమే జరగదని తోచి, ఉన్ని దుప్పటి సర్దుకున్నాను.

విజయవాడలో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది గోరఖ్‌పూర్‌లో దించుతుంది. అక్కడి నుండి బస్సులో సునౌలీ సరిహద్దు. భారతీయులకు వీసా అవసరం లేదు. ఒక కమాను కింద నుండి నడిచి అవతలికి పోతే పరదేశం. గడియారాన్ని పదిహేను నిమిషాలు ముందుకు జరుపుకోవాలి. మన నూరు రూపాయలు అక్కడ నూట అరవై అవుతాయి. సరిహద్దు దాటాక పడమరగా ఒక దారి లుంబినికి చీలుతుంది. బస్సు కిటికీలో నుండి ఆ దారి సూచించే పలకను చూచినప్పుడు నాకు అమరావతి గుర్తుకు వచ్చింది. ఆ తెరాయి నేల మీద పుట్టిన ఒకాయన మాట ఒకనాడు కాలినడకన మా కృష్ణ ఒడ్డుకు చేరి, సున్నపురాతి శిల్పాలై నిలిచింది. ధర్మం ఏ కాలంలోనూ ఒకే దిక్కుగా ప్రయాణించలేదు. బుట్వల్ దాటిన తర్వాత బస్సు కొండ ఎక్కసాగింది.

నేపాల్‌కు, క్రైస్తవ సేవకులకు ఉన్న సంబంధం విచిత్రమైనది. పద్దెనిమిదవ శతాబ్దంలో కాఠ్‌మండూ లోయలో కపూచిన్ సన్యాసులు కొంతకాలం నివసించారు. పృథ్వీనారాయణ షా ఆ లోయను జయించిన తర్వాత, 1769లో వారు దేశం విడిచి పోవలసి వచ్చింది. తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు తలుపులు మూసుకున్నాయి. 1951లో రాణాల పాలన అంతమయ్యాక అవి మెల్లగా తెరచుకున్నాయి. తాన్సేన్ కథలో పక్షులకు కూడా పాత్ర ఉంది. ముస్సోరీలోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడు, పక్షిశాస్త్రవేత్త అయిన రాబర్ట్ ఫ్లెమింగ్ 1949లో పక్షుల అధ్యయనం కోసం నేపాల్ కొండలలో తిరిగాడు. ఆ ప్రయాణాలలో అక్కడివారి వైద్యావసరం అతని బృందం కంటబడింది. ఆ పరిచయమే 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ అనే సంస్థ ఏర్పడడానికి, తాన్సేన్‌లో వైద్యసేవ ప్రారంభం కావడానికి దారితీసింది.

ఈ అనుమతి వెనుక ఒక షరతు ఉంది. వైద్యం చేయవచ్చు, చదువు చెప్పవచ్చు, మతం మార్చరాదు. 2006లో నేపాల్ లౌకిక రాజ్యంగా ప్రకటించుకున్న తర్వాత కూడా ఆ షరతు సడలలేదు. 2015 నాటి రాజ్యాంగంలోని 26వ అధికరణం ఇతరుల మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమలులోకి వచ్చిన శిక్షాస్మృతి అందుకు అయిదేళ్ళ వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా విధించింది. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుండి పంపివేస్తారు. మా బృందానికి బయలుదేరక ముందే ఈ విషయాలన్నీ స్పష్టంగా చెప్పారు. కరపత్రాలు వద్దు, బోధలు వద్దు, రోగి మంచం పక్కన మతప్రసంగం అసలే వద్దు. "మరి ఇది మిషన్ యాత్ర ఎలా అవుతుంది?" అని మా చర్చిలో ఒక పెద్దాయన అడిగారు.

ఈ ప్రశ్న మరొక వైపు నుండి కూడా వస్తుందని మనకు తెలుసు. వైద్యాన్ని, విద్యను మతమార్పిడికి సాధనం చేసుకోవడాన్ని గాంధీజీ పలుమార్లు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను తేలికగా తోసివేయలేము. మంచాన పడిన మనిషికి కాదనే శక్తి తక్కువ. సూది పట్టిన చేతిని కాదనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? కనుక ఆ చేయి ఏమి అడుగుతున్నదో జాగ్రత్తగా చూచుకోవలసిన బాధ్యత సూది పట్టిన వారిదే. ఒక్కటి మాత్రం నేను నిర్ణయించుకొని వెళ్ళాను: ఎవరూ నా విశ్వాసం గురించి ఒక్క మాట అడగకపోయినా, అందరూ వచ్చినవారు వచ్చినట్లే తిరిగిపోయినా, నా పని ఒక్క వీసం తగ్గకూడదు. తగ్గితే అది సేవ కాదు, బేరం.

తాన్సేన్ ఒక కొండవాలు పట్టణం. దానిపైన పైన్ వృక్షాల శ్రీనగర్ గుట్ట, కింద మాడీ లోయ. శీతకాలపు ఉదయాలలో ఆ లోయ నిండా పొగమంచు పాలసముద్రం వలె పరచుకుంటుంది. అక్కడివారు దానిని తెల్ల చెరువు అంటారు. ఎండ ఎక్కిన కొలదీ ఆ చెరువు మెల్లగా ఇంకిపోయి, అడుగున పల్లెలు తేలుతాయి. ఆ పల్లెలనుండే రోగులు వస్తారు: కొందరు జీపులలో, కొందరు బస్సులలో, ఇంకొందరు కొడుకుల వీపుల మీద బుట్టలలో కూర్చుని.

నాకు నేపాలీ రాదు. మొదటి రోజున అక్కడి యువ నర్సు ఒకామె నాకు నేర్పిన మొదటి వాక్యం, "కహాఁ దుఖ్ఛ?" అన్నది. 'ఎక్కడ నొప్పి?' అని దాని అర్థం. ఆ మాట విని నేను నిలబడిపోయాను. నేపాలీలో ఒంటి నొప్పికి వాడే క్రియ మన దుఃఖం నుండి వచ్చినదే. పంటి నొప్పి అయినా, కాలి బెణుకు అయినా వారికి 'దుఖ్ఛ'. నా తెలుగు చెవికి మాత్రం అది, 'నీ దుఃఖం ఎక్కడ?' అని వినిపించింది. ముప్పయి అయిదేళ్ళు నేను రోగులను నొప్పి ఎక్కడని అడిగాను. దుఃఖం ఎక్కడని అడగడం ఆ కొండల మీదనే మొదలయింది. విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్నకు వారు నడుమునో మోకాలినో చూపినా, ఒక్క క్షణం ఆగితే దాని వెనుక ఇంకొకటి బయటకు వచ్చేది. కొడుకు ఖతర్‌లో ఉన్నాడు, రెండేళ్ళుగా రాలేదు. అల్లుడు మలేషియాలో ఉన్నాడు, డబ్బు పంపడం మానేశాడు. ఆ మాటలు అనువాదం చేసి చెబుతున్న నర్సుకు నేను, "మా ఊళ్ళలోనూ ఇంతేనమ్మా" అని చెప్పేదానను. గల్ఫ్ అన్న మాటకు కరీంనగర్‌లోను, కడపలోను, పాల్పాలోను ఒకే ఎదురుచూపు.

చలికాలంలో ఆ ఇళ్ళ మధ్య నేలపొయ్యి రగులుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాది దాని చుట్టూ చేరుతారు. పిల్లల గౌన్లకు నిప్పు అంటుకునేదీ అక్కడే. నేను వెళ్ళిన రెండవ వారంలో ఆరేళ్ళ మగర్ పిల్ల ఒకతె వార్డుకు వచ్చింది. కుడి చేయి, చంక, పక్క కాలిపోయాయి. తోడుగా ఉన్నది నాయనమ్మ ఒక్కతే. తండ్రి విదేశంలో కూలీ. తల్లి ఇంటివద్ద చంటిబిడ్డతో ఉంది.

కాలిన చంకకు చేసే వైద్యంలో ఒక క్రూరమైన నియమం ఉంది. చేయి ఒంటికి అదిమిపెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. కానీ అలాగే ఉంచితే మానే చర్మం ముడుచుకొని, చేయి పక్కకే అతుక్కుపోయి జీవితాంతం లేవదు. హాయిగా ఉన్న భంగిమే అవిటితనానికి దారి. కనుక కొత్త చర్మం అతికించిన తర్వాత, రోజూ ఆ చేతిని ఒంటికి దూరంగా చాపాలి, బద్ద కట్టి నిలపాలి, కొంచెం కొంచెంగా పైకి ఎత్తించాలి. అంటే పిల్ల ఏడుస్తుంటే చేయవలసిన పని. కట్టు విప్పే ముందు ఉప్పునీటితో నానబెట్టి ఎంత మెల్లగా తీసినా, "దుఖ్ఛ, దుఖ్ఛ" అని ఆ పిల్ల అరిచే అరుపు వార్డు దాటి వినిపించేది.

కట్టు విప్పే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకోవడం నా చిన్ననాటి అలవాటు. శిక్షణ కాలంలో మాకు పాఠం చెప్పిన సిస్టరమ్మను చూచి నేర్చుకున్నది. నాయనమ్మ ఇది గమనించింది. ఆమె భర్త భారత సైన్యపు గోర్ఖా దళంలో పనిచేసినందువల్ల, కొన్నేళ్ళు డెహ్రాడూన్‌లో కాపురముండి హిందీ నేర్చుకున్నది. నా వచ్చీరాని హిందీ, ఆమె మరచిపోతున్న హిందీ మా మధ్య వంతెన.

ఒకనాడు సూటిగా అడిగింది: "బహినీ, నువ్వు కళ్ళు మూసుకొని ఎవరి పేరు చెప్పుకుంటావు?"

ఆ క్షణం నాకు తేలికైనది కాదు. అడిగినదానికి అబద్ధం చెబితే నా విశ్వాసానికి ద్రోహం. అడగనిది చెప్పబోతే ఆ దేశపు చట్టానికి, అంతకంటె ముఖ్యంగా ఆ తల్లి నిస్సహాయతకు ద్రోహం. అడిగినంతవరకే చెప్పాను. "యేసు పేరు, ఆమా. నా చేయి వణకకుండా ఉండాలని అడుగుతాను."

ఆమె తల ఊపింది. "మంచిది. నేను మా ఊరి దేవతకు మొక్కుకున్నాను. ఇద్దరూ వింటే పిల్లకు మేలే కదా."

తర్వాత మరొక ప్రశ్న వేసింది. అది మా అబ్బాయి అడిగిన ప్రశ్నే. "మీ దేశంలో రోగులు లేరా, ఇంత దూరం వచ్చావు?"

నేను ఏమి చెప్పాలా అని తడుముకుంటుండగా ఆమే అందుకుంది. "మా ఆయన కూడా అంతే. పదిహేడేళ్ళు మీ దేశానికి కాపలా కాశాడు. 1971లో యుద్ధానికి కూడా పోయాడు. మా ఊళ్ళో కాపలా కాయడానికి ఏమీ లేకనా? ఆయన మీ ఇంటిని కాశాడు, నువ్వు మా పిల్లకు కట్టు కడుతున్నావు. చెల్లుకు చెల్లు."

నేను నవ్వాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఋణం ముందుకు తీర్చాలని బయలుదేరిన నాకు, అది వెనుక నుండే ఉన్నదని ఒక కొండ అవ్వ లెక్క చూపించింది. మనం గుంటూరులో తలుపు వేసుకొని నిశ్చింతగా నిద్రపోయిన రాత్రులలో, మన సరిహద్దున ఆమె భర్త మేల్కొని ఉన్నాడు. ఆ లెక్కలో నేను దాతను కాను. కొంచెం ఆలస్యంగా వచ్చిన బాకీదారును.

పిల్ల చేయి మాత్రం మొండికేసింది. మా బృందంలోని వ్యాయామ చికిత్సకురాలు చూపిన పద్ధతులన్నీ సరైనవే. ఆ పిల్లే సహకరించేది కాదు. అప్పుడు ఆ యువ నర్సు ఒక పని చేసింది. ఆమెది పక్క లోయలోని పల్లె. శీతకాలం ఆ కొండలలో కమలాపండ్ల కాలం. బజారు నుండి ఒక పండు తెచ్చి, దారం కట్టి, సెలైను సీసా తగిలించే కమ్మీకి వేలాడదీసింది. పిల్ల కుడిచేత్తో అందుకుంటేనే పండు ఆమెది. మొదటి రోజు నడుము ఎత్తున కట్టింది. మరునాటికి ఒక వేలెడు పైకి. ఆ మరునాటికి ఇంకొక వేలెడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవని వైద్యం అది. పిల్ల పళ్ళు బిగించి, కన్నీళ్ళు కారుస్తూనే చేయి చాపేది. పండు అందిన తర్వాత తొనలు వలిచి నాయనమ్మకొకటి, నర్సుకొకటి, నాకొకటి పెట్టేది. ఆ పుల్లని తొన రుచి నాకు ఇప్పటికీ నోట్లో ఉంది.

మా ఆరు వారాలు ముగిసే నాటికి పండు భుజం ఎత్తుకు వచ్చింది. తలపైకి ఇంకా చాలా దూరం ఉంది. రైలు టిక్కెట్లు ముందే కొన్నవి. గాయం మానే కాలానికి, మన సెలవుల కాలానికి పొత్తు కుదరదు. బయలుదేరే ముందు రోజు నా దగ్గర ఉన్న కొలతల పుస్తకం ఆ నర్సుకు అప్పగించాను. ఏ రోజు చేయి ఎంత లేచిందో అందులో రాసి ఉంది. ఆమె దానిని తీసుకొని, "దిదీ, పండు ఎత్తు కూడా ఇందులోనే రాస్తాను" అన్నది. నాయనమ్మ నా చేతిలో పాల్పా ఢాకా గుడ్డ ముక్క ఒకటి పెట్టింది. ఆ ఊరి మగ్గాల మీద నేసే రంగురంగుల నేత అది.

తిరిగి వచ్చాక ఒక ఆదివారం మా చర్చిలో యాత్ర విశేషాలు చెప్పమన్నారు. చెప్పాను. చివరకు ఆ పెద్దాయనే లేచి, "ఎన్ని ఆత్మలు రక్షణలోకి వచ్చాయమ్మా?" అని అడిగారు. ఆయన అడిగిన తీరులో ఎగతాళి లేదు. అది ఆయన నమ్మిన లెక్క. "అయ్యగారూ, ఆ పుస్తకం దేవుని దగ్గర ఉంటుంది. నా పుస్తకంలో కట్లు కట్టిన లెక్క మాత్రమే ఉంది" అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "నువ్వు మోసిన భారం తక్కువేమీ కాదులే" అని కూర్చున్నారు.

తర్వాత కొద్ది నెలలకే, 2020 మార్చిలో, కరోనా మహమ్మారి కారణంగా నేపాల్ సరిహద్దులు మూసింది. విమానాలు ఆగాయి, బస్సులు ఆగాయి. మావంటి బృందాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ రోజులలో నేను తరచు ఆ వార్డును తలచుకునేదానను. అక్కడ కట్లు ఎవరు విప్పుతున్నారు? జవాబు నాకు తెలుసు. అంతకు ముందు ఎవరు విప్పుతున్నారో వారే: ఆ లోయలలో పుట్టి, ఆ భాషలో ఏడుపును అర్థం చేసుకోగల ఆడపిల్లలే. ఫోనులో ఆ నర్సు ఒకసారి వార్త చెప్పింది. పిల్ల ఇంటికి వెళ్ళింది. తన జడ తనే అల్లుకోగలుగుతున్నదట. చేయి తలపైకి వెళ్ళనిదే ఆ పని సాధ్యం కాదు.

పరదేశ సేవకు వెళ్ళాలనుకునే యువతీయువకులు అప్పుడప్పుడు నన్ను కలుస్తారు. ఏ ఆసుపత్రికి పోవాలి, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతారు. చెబుతాను. వారు అడగని రెండు మాటలు కూడా చెబుతాను. ఎవరూ మారకపోయినా, ఎవరూ మీ పేరు తలచకపోయినా చేయగల పనినే ఎన్నుకోండి. మీరు లేచి వచ్చిన మరునాడు ఆ పని ఆగిపోకుండా, అక్కడివారి చేతిలో పెట్టి రండి. వారాల తరబడి ఉండేవాడు అతిథి. జీవితమంతా ఉండేవాడే సేవకుడు. అతిథి చేయగల మేలు, సేవకుని చేతికి కొంత బలం చేర్చి రావడమే.

ఇక భాష గురించి బెంగ పెట్టుకోవద్దంటాను. వెళ్ళిన చోట మొదట నేర్చుకోవలసిన వాక్యం ఒక్కటే. నొప్పి ఎక్కడ అని అడగడం నేర్చుకోండి. అడిగిన తర్వాత, జవాబు పూర్తిగా వచ్చేవరకు మంచం పక్కన కూర్చోండి.